మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2023-24: చందనం మిస్టు, కొండ కింద అడవి

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. చందనం మిస్టు (ముఖానికి చల్లుకునే గంధపు నీరు) సీసాలు తెప్పించి అమ్మి, మిగిలిన డబ్బుతో కాలనీ వెనక కొండ కింద జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఖాళీ స్థలంలో మన ప్రాంతపు చెట్లు పెంచాలని పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. మిస్టు దగ్గర ఒక దెబ్బ తిన్నాం, మొక్కల దగ్గర ఇంకో దెబ్బ తిన్నాం. రెండింటికీ కారణం ఒకటే, చందనం చెట్టు ఎక్కడ, దేని పక్కన పెరుగుతుందో తెలుసుకోకుండా పని మొదలుపెట్టాం.

సింహాచలం కొండ నీడలో ఉండేవాళ్ళం, చందనం గురించి మనకి కొత్తగా తెలియాల్సిందేముంది అనుకున్నాం. అక్షయ తృతీయనాడు అప్పన్నస్వామి నిజరూప దర్శనం, ఆ తర్వాత మూడేసి మణుగుల చొప్పున నాలుగు విడతల చందన సమర్పణ, ఇదంతా చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. కానీ ఆ గంధం చెట్టులో ఎన్నేళ్ళకి పుడుతుందని మనలో ఎవరం ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్న హవాయి నుంచి రావాల్సొచ్చింది. మూడో వీధి పిన్నిగారి అమ్మాయి అక్కడ కొన్న, ముఖానికి చల్లుకునే చిన్న సీసా ఒకటి తెచ్చి చూపించింది కదా, అదే. అందులోది మన శ్రీగంధం కాదు, దానికి బంధువు. శాంటాలం పానిక్యులేటం అని హవాయి దీవుల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు. 1800ల మొదట్లో చైనా వ్యాపారం కోసం అక్కడి చందనం అడవుల్ని కొట్టి ఓడలకెక్కించారు, 1830లు వచ్చేసరికి కొట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇప్పుడు అక్కడ కొందరు ఎండిపోయిన చెట్లూ చచ్చిపోతున్న చెట్లూ మాత్రమే తీసి నూనె పట్టి, ఆ డబ్బుతో కోవా అనే స్థానిక చెట్టుతో కలిపి చందనాన్ని మళ్ళీ పెంచుతున్నారు. "కలిపి" అన్న మాట అప్పుడు మా చెవికెక్కలేదు.

మొదటి సరుకు సంగతి దాచకుండా చెప్పాలి. ఒక వ్యాపారి దగ్గర చవగ్గా దొరికిందని నలభై సీసాలు తెచ్చాం. వాడిన రెండో రోజుకే ఒక సభ్యురాలికి మెడ మీద దద్దుర్లు వచ్చాయి. అప్పుడు సీసా ఊపి చూస్తే షాంపూలా నురగ కట్టి అలాగే నిలబడింది. సెంటు వాసనని నీళ్ళలో కలపడానికి వేసే మందు వల్ల వచ్చే నురగ అది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఫ్రాగ్రెన్స్ అని ఉంది, శ్రీగంధం శాస్త్రీయ నామం శాంటాలం ఆల్బం అనే మాటే లేదు. చెక్క ఎక్కడిదండీ అని ఫోన్ చేస్తే "ఒరిజినలేనండీ, డౌటు పెట్టుకోకండి" అన్నాడు తప్ప జవాబు చెప్పలేదు. కొన్నవాళ్ళందరికీ డబ్బు తిరిగిచ్చేశాం, ఆ నష్టం లెక్కల్లో విడిగా చూపించాం. ఇంకోటి, బజార్లో వెస్టిండియన్ శాండల్‌వుడ్ అని అమ్మేది అమైరిస్ అనే వేరే చెట్టు నూనె, అది చందనమే కాదు. శేషాచలం అడవుల ఎర్రచందనం కూడా వేరే జాతి, దానికి ఈ సువాసన ఉండదు. మనలో చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

అయితే మనమే కాచి అమ్ముదాం అన్నారు కొందరు. అమ్మకానికి కాస్మెటిక్ తయారుచేయాలంటే 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి, కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాం. లైసెన్సు ఉన్న ఒక యూనిట్‌ని వెతికి పట్టుకుని, వాళ్ళ లేబుల్‌తోనే తెప్పిస్తున్నాం. ఎవరి తోటలో చెట్టు, ఎన్నేళ్ళది, అటవీ శాఖ పర్మిట్ ఉందా అని అడిగితే అడిగిన రోజే కాగితాలు పంపించారు. మన రాష్ట్రంలో చందనం రవాణాకి 1969 నుంచి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, సొంత పొలంలో పెంచినదైనా పర్మిట్ లేకుండా కదపకూడదు. అందుకే పర్మిట్ చూపించలేనివాళ్ళ దగ్గర ఇకమీదట ఒక్క సీసా కూడా కొనం.

ఈ మిస్టు అంటే ఏమిటో కూడా చెబుతాను, ఇంత ధరా అని చాలామంది అడిగారు. గంధం వాసనంతా చెట్టు చేవలోనూ వేళ్ళలోనూ ఉంటుంది, పది పదిహేనేళ్ళు గడిస్తే గాని చేవ సరిగా కట్టదు. వేళ్ళలో కూడా నూనె ఉండటం వల్ల చందనాన్ని చాలాచోట్ల మొదలు దగ్గర నరకరు, వేళ్ళతో సహా పెకలిస్తారు, ఇక మోడు మిగిలి చిగురు వచ్చే ఆశ కూడా ఉండదు. ఆ చేవని పొడి కొట్టి, రోజుల తరబడి ఆవిరి పట్టి నూనె తీస్తారు. నూనె వేరుచేశాక మిగిలిన, సన్నగా వాసన పట్టిన నీరే మన సీసాలో ఉన్నది. నూనె కోసం ఎలాగూ తీసిన చెక్క నుంచి వచ్చేదే కాబట్టి దీనికోసం ఇంకో చెట్టు పడదు, నాకు ఇందులో బాగా నచ్చింది అదే. కొత్త సీసా తెరిస్తే మొదట ఉడికిన చెక్క వాసన వస్తుంది, కంగారుపడకండి, కొన్ని వారాల్లో తగ్గి మెత్తటి గంధం వాసన బయటికొస్తుంది. ప్రిజర్వేటివ్ లేని రకం, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మన వైజాగ్ ఉక్కకి కిటికీ దగ్గర వదిలేసిన ఒక సీసాలో తెల్లటి దారాలు తేలాయి. ముందు మోచేతి లోపల కొంచెం చల్లుకుని ఒక రోజు చూసి వాడండి. మొటిమలు పోతాయనీ రంగు వస్తుందనీ సంఘం తరఫున ఎవరూ చెప్పొద్దు.

ఇక మొక్కలు. జులైలో పార్కు గోడ వారన ఇరవై చందనం మొక్కలు నాటాం. ఎంత శ్రద్ధ అంటే చుట్టూ గడ్డి పరక కూడా లేకుండా చెక్కించాం. నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే వాడిపోయాయి. ఎరువు వేశాం, నీళ్ళు పెంచాం, లాభం లేదు. అటవీ శాఖలో బీట్ ఆఫీసరుగా చేసి రిటైరైన బాబాయిగారు ఒకాయన వచ్చి చూసి, "మీరు కలుపు తీయలేదండీ, దాని కంచంలో కూడు తీసేశారు" అన్నారు. చందనం సగం పరాన్నజీవి. ఆకులున్నాయి, ఎండకి తన ఆహారం తను తయారుచేసుకుంటుంది, కానీ నీటినీ లవణాలనీ చాలావరకు పక్క మొక్క వేళ్ళ నుంచి పీల్చుకోవాలి. బతికిన ఎనిమిదింటి చుట్టూ వెంటనే కంది వేసి, మధ్యలో కానుగ నాటాం. జనవరిలో బాబాయిగారు ఒక మొక్క పక్కన మట్టి వేలితో మెల్లగా తోసి చూపించారు. చందనం సన్నవేరు కంది వేరుని తాకిన చోట ఆవగింజంత బుడిపె, తెల్లగా, గట్టిగా అతుక్కుని ఉంది. పిల్లలు వరసగా వంగి చూశారు. పైన చూస్తే కొమ్మ చివర నాలుగు కొత్త ఆకులు, లేతగా మెరుస్తున్నాయి.

కొండ కింద స్థలంలో మాత్రం చందనం వేయలేదు. అక్కడ కాపలా లేదు, దొంగల బెడద ఒకటి. అసలు అక్కడ కావలసింది పది రకాలు కలిసి పెరిగే అడవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి చెట్లన్నీ పడిపోయాక, తొందరగా పచ్చగా కనపడాలని మన వీధుల్లో కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు వేసింది మనమే, గుర్తుందా? ఈసారి ఆ తొందర వద్దనుకున్నాం. సింహాచలం, కంబాలకొండ వైపు ఇంకా మిగిలిన అడవిలో ఏమున్నాయో తిరిగి చూసి రేల, ఉసిరి, నేరేడు, మారేడు, ఊడుగ, కొడిశపాల, కలివి ఎంచుకున్నాం. దానికి ముందు లాంటానా అనే కలుపు తుప్పలు తీయడానికే ఆరు ఆదివారాలు పట్టింది. పైన కొడితే మళ్ళీ చిగురిస్తాయి, మొదలు దగ్గర మట్టి తవ్వి వేరు పైభాగం నరకాలి. గెడ్డ (వాగు) వారన ఉన్నవాటికి పళ్ళు పట్టకముందే తీశాం, పిట్టలు తిని గింజలు ఊరంతా వేస్తాయి కాబట్టి.

నాటినవి 240, ఇవాళ బతికున్నవి 151. ఆగస్టు దెబ్బ అది. 2023 ఆగస్టులో దేశంలో 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన పడింది, మన గుంతల్లో మట్టి పెంకులా అయిపోయింది. డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకి మిగిలినవి తేరుకున్నాయి. ఈ ఏడాది ఖర్చులో సగానికి పైగా నీళ్ళ ట్యాంకర్లకే పోయింది. మిస్టు మీద మిగిలింది చాలక చందాల నుంచి కలపాల్సొచ్చింది, లెక్కల పుస్తకం ఆఫీసు గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

మే నెలంతా ఆదివారాలు ఉదయం ఆరింటికి కొండ కింద నీళ్ళు పోయడానికి వీధికి నలుగురు కావాలి, పేర్లు ఇవ్వండి. పార్కులో కంది రెండో ఏడు కూడా ఉండాలి, కాయలు ఎవరైనా కోసుకోండి, మొక్కని మాత్రం దయచేసి పీకకండి.

కార్యదర్శి