మచ్చా, నరసింగరాయనిపేట పోయొచ్చినా

మచ్చా,

ఎట్లుండావు? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉంటి, సరిగ్గా మాట్లాడలేకపోతిని, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చోని రాస్తా ఉండా.

పోయిన ఆదివారం బండేసుకోని నరసింగరాయనిపేట పక్క పోయొచ్చినా. మైసూరు ఏలిన హైదరలీ చచ్చిపోయింది మన చిత్తూరు పక్కనే అని సోషల్ సార్ చెప్పేవాడు, గుర్తుందా? 1782 డిసెంబర్ 7. వీపు మీద రాచపుండు లేచి దండులోనే ప్రాణం పోయింది. కొడుకు టిప్పు ఆ టైంలో మలబారులో పొన్నాని కాడ ఉండాడు, అందుకే మంత్రులు చావు సంగతి పొక్కనీకుండా శవాన్ని పెట్టెలో పెట్టి కోలారుకు పంపించేసినారు. అంత పెద్ద దండు యజమాని లేకుండా మన ఊరి కాడ నిలబడుంటే, ఆయనతో యుద్ధంలో ఉన్న మద్రాసు ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఏం చేస్తా ఉన్నారో తెలుసా? కొట్లాడుకుంటా ఉన్నారు!

గవర్నర్ మెకార్ట్నీ ఏమో ఇప్పుడే ఆ దండు మీదికి కదలండి అంటాడు, సేనాపతి జేమ్స్ స్టువర్ట్ ఏమో తిండిగింజల్లేవు, ఎద్దుల్లేవు, అసలు హైదరలీ చచ్చినాడని నేను నమ్మను అంటాడు. ఈ లోపల టిప్పు వచ్చేసి పగ్గాలు పట్టుకున్నాడు. నేను కంపెనీ గెలవాల్సిందని అనడంలేదు రా, ఆజ్ఞ ఎవరిదో తేలని సర్కారు ఎట్లుంటాదో చెప్తా ఉండా.

ఈ స్టువర్ట్ సంగతి ఇంకా వినాల. 1776లో మద్రాసు గవర్నర్ పిగట్. తంజావూరు రాజ్యం రాజుకు తిరిగి ఇచ్చే కాడ, ఆర్కాటు నవాబు అప్పుల కాడ కౌన్సిల్లో ఎక్కువమంది ఆయనకు అడ్డం తిరిగి, పట్టుకోమని మిలిటరీకి చెప్పినారు. ఆగస్టు 24న పిగట్ ఇంట్లో కూర్చోని తిని, సాయంత్రం ఆయన బండిలోనే పక్కన కూర్చోని పోతా దారిలో అరెస్ట్ చేయించినాడు ఈ స్టువర్ట్. తిన్న ఇంటికే! పిగట్ మళ్లీ బయటికి రాలే, 1777 మేలో ఆ నిర్బంధంలోనే పోయినాడు. దీని మీద కోర్టు మార్షల్ జరిగితే స్టువర్ట్ నిర్దోషిగా బయటపడి మళ్లీ దండులోకి వచ్చేసినాడు.

అదే మనిషిని 1783 సెప్టెంబర్లో మెకార్ట్నీ డిస్మిస్ చేసినాడు. కంపెనీ ఉద్యోగం పోతే పోనీ, రాజుగారి సోల్జర్లు మాత్రం నా మాటే వింటారు అని మొండికేసినాడు స్టువర్ట్. నాకు అసలు తిరకాసు ఇక్కడే కనబడింది మచ్చా, ఒకే ఊళ్లో కంపెనీ జీతగాళ్లు ఒకపక్క, ఇంగ్లండ్ రాజు సైన్యం ఇంకోపక్క, రెండింటికీ కలిపి పైన ఒక్క యజమాని లేడు. ఆఖరికి గవర్నరే సిపాయిల్ని పంపి ఈయన్ను పట్టించి ఇంగ్లండుకు ఓడెక్కించినాడు. ఆడికీ పగ చల్లార్లే, 1786 జూన్లో లండన్ పక్కన ఇద్దరూ పిస్తోళ్లతో నిలబడినారు. అంతకుముందు హైదరలీతో జరిగిన పొల్లిలూరు యుద్ధంలో కాలు పోయినోడు గదా స్టువర్ట్, చెట్టుకు ఆనుకోని కాల్చినాడు, మెకార్ట్నీకి గాయమైంది.

అదే ఏడాది కార్న్‌వాలిస్ వచ్చినప్పుడు గవర్నర్ జనరల్, కమాండర్ ఇన్ చీఫ్ రెండూ ఆయనకే ఇచ్చినారు. ఇద్దరు దొరలుంటే పని జరగదని పైవాళ్లకు అప్పటికి అర్థమైనట్టుండాది.

నన్ను బాధపెట్టేది వేరే. దేశమంతా మంటల్లో పడి, మద్రాసులో కరువొచ్చి, 1782లో గంజి పోసే సత్రం పెట్టాల్సొచ్చిన రోజులవి. ఈ పక్క పల్లెల్లో చేన్లు తొక్కించుకున్న రైతులు మన తాతల తాతలే గదా, వాళ్ల గోడు అటు గవర్నరూ అడగలే, ఇటు జనరలూ అడగలే. ఆ గట్టు మీద నిలబడితే నాకు గొంతు పట్టేసింది.

సంక్రాంతికి రా, వేలూరు కోటకు పోదాం. 1806 జులై 10న సిపాయిలు తిరగబడింది ఆడనే. దాని మీద గవర్నర్ బెంటింక్‌ను, సేనాపతి క్రాడక్‌ను ఇద్దర్నీ వెనక్కి పిలిపించేసినారు. తప్పు ఎవరిదని నువ్వంటావో ఆడ నిలబడే చెప్పు.

నీ మచ్చా