ట్రైలర్ బ్రేకులకు బిగింపు ఒక్కటే చాలదు

గౌరవనీయులైన సంపాదకులకు,

పంట తరలించే రోజులు దగ్గరపడగానే ట్రాక్టరుకు ఇంజిన్ ఆయిలు మార్చి, ఫిల్టర్లు శుభ్రం చేసి, టైర్లలో గాలి చూసుకునే రైతులు చాలామంది దాని వెనుక లాగే ట్రైలర్ బ్రేకులను మాత్రం పట్టించుకోవడం లేదు. నిండా లోడెత్తిన ట్రైలర్ తరచుగా ట్రాక్టరు కంటే ఎక్కువ బరువుంటుంది కాబట్టి, దాన్ని ఆపే భారమంతా ట్రాక్టరు బ్రేకుల మీదే వదిలేస్తే వెనుకనున్న బరువు ముందున్న బండిని నెడుతుంది. మలుపులోనో వాలులోనో ఆ నెట్టుడుకు ట్రాక్టరు అడ్డం తిరిగి ట్రైలర్ మీదికి మడతపడే ప్రమాదం ఉంది. పైగా వేగం రెట్టింపైతే బ్రేకులు అణచవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో చక్కగా ఆగింది కదా అని 30 కిలోమీటర్ల వేగంలో అదే బ్రేకును నమ్ముకోవడం తగదు.

బ్రేకు సరిగా పడటం లేదనిపించిన వెంటనే బ్రేకును సర్దే అడ్జస్టింగ్ నట్టును నాలుగు చుట్లు బిగించి, పని పూర్తయిందనుకునే అలవాటు గురించే నేను ముఖ్యంగా రాయదలచాను. చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే లైనర్లు అరిగి, వాటికీ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగితే బిగింపు అవసరమే. కానీ చక్రం నడిమి హబ్‌లో గ్రీజును ఆపే సీలు పాడై ఆ గ్రీజు లైనర్ల మీదికి కారినా, లైనరు రివెట్ల దాకా అరిగి డ్రమ్మును గీరుతున్నా, లైనర్లను డ్రమ్ము మీదికి నెట్టే కామ్ షాఫ్టు బుష్షులు వదులైనా, లైనర్లు బిగించి ఉండే షూలను వెనక్కి లాగే స్ప్రింగు సాగిపోయినా నట్టు బిగించడం వల్ల లోపం కొన్నాళ్లు కనబడకుండా పోతుందే తప్ప తీరదు. గ్రీజు పీల్చుకున్న లైనర్లను తుడిచి మళ్లీ వాడటం కూడా పొరపాటే. సీలును, ఆ ఇరుసుకు రెండు వైపులా ఉన్న లైనర్లను మార్చవలసిందే. ఒక్క వైపే మారిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

సర్దుబాటుకు పూనుకునే ముందు బండిని ఖాళీ చేసి, చదునైన గట్టి నేల మీద నిలిపి, పైకెత్తని చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. జాకీతో ఎత్తిన ఇరుసు కింద స్టాండు పెట్టకుండా చెయ్యి పెట్టకూడదు. జాకీ ఎత్తడానికే గానీ మోస్తూ ఉండటానికి కాదు. తర్వాత హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదిలి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపి బేరింగులో ప్లే (వదులుతనం) ఉందేమో చూడాలి. బేరింగు వదులుగా ఉండగా బ్రేకు సరిచేస్తే, బేరింగు బిగించాక ఆ సర్దుబాటు పనికిరాదు. ఆ పరీక్ష అయ్యాకే చక్రాన్ని చేత్తో తిప్పుతూ, లైనరు డ్రమ్ముకు ఆనేవరకు అడ్జస్టింగ్ నట్టును బిగించి, చక్రం అడ్డు లేకుండా తిరిగేటంత మేరకు వెనక్కి వదలాలి. రెండో వైపు కూడా అంతే ఖాళీ ఉండేలా చూడాలి. బ్రేకు పూర్తిగా వేసినప్పుడు కామ్ షాఫ్టును తిప్పే కామ్ లివరుకూ దాన్ని నెట్టే రాడ్డుకూ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలు ఉన్నప్పుడే బలం బాగా అందుతుంది. ఆ కోణం బాగా దాటిపోతుంటే, ఎంత గట్టిగా నొక్కినా ఫలితం తగ్గుతూ వస్తుంది. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులున్న బండ్లలో పెడల్ మెత్తగా దిగిపోతుంటే గొట్టాల్లో గాలి చేరి ఉండవచ్చు. గాలి తీసి, కారుతున్న చోటును కనిపెట్టాలి. తయారీదారు చెప్పిన ఆయిలునే పోయాలి, ఎందుకంటే మినరల్ ఆయిలు వాడవలసిన వ్యవస్థలో మామూలు బ్రేకు ఫ్లూయిడ్ పోస్తే రబ్బరు సీళ్లు పాడైపోతాయి. ఎయిర్ బ్రేకులున్న వారు ట్యాంకులో చేరే నీటిని క్రమం తప్పకుండా వదలాలి.

ట్రాక్టరు విషయంలో ఒక జాగ్రత్త ఎంతో అవసరం. పొలంలో బిగువుగా మలుపు తిరిగేందుకు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడదీసే వారు రోడ్డెక్కే ముందు వాటిని తిరిగి కలిపి లాకు వేయాలి. ఆ చిన్న లాకు మరిచిపోతే ట్రైలర్ బ్రేకులు ఎంత బాగున్నా ఒక్క చక్రం మాత్రమే ఆగి బండి పక్కకు కొట్టేస్తుంది.

సర్దుబాటు ముగిశాక ముందు ఖాళీ బండితో, తర్వాత లోడుతో, జనం లేని చోట నెమ్మదిగా నడిపి బ్రేకు పరీక్షించాలి. కొంతదూరం పోయాక బండి నిలిపి, డ్రమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకువెళ్లి వేడిని పోల్చాలి. తాకితే కాలే ప్రమాదం ఉంది కాబట్టి తాకకుండానే గమనించాలి. మిగతావాటికంటే ఎంతో వేడిగా ఉన్న డ్రమ్ములో బ్రేకు పట్టేస్తోందని, మిగతావన్నీ వేడెక్కినా చల్లగానే ఉన్న డ్రమ్ములో బ్రేకు పడటం లేదని అనుమానించి మళ్లీ చూడాలి.

పంట తరలింపు మొదలవక ముందే ఈ తనిఖీ వివరాలను బొమ్మలతో సహా మీ వ్యవసాయ పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. బ్రేకులు విప్పి చూడటానికి సమయం ఉండేది ఆ పని మొదలవకముందే.

ఇట్లు,
ఒక రైతు పాఠకుడు