మడత చాకులు, చిన్న పనిముట్లు: ఈ వానాకాలం నుంచి మా కొట్లో మారుతున్నవి

నెల్లూరులో కొట్టుకు వచ్చి కొనేవాళ్లకీ, కావలి, గూడూరు, ఒంగోలు నుంచి ఫోను చేసి పార్సిల్ తెప్పించుకునేవాళ్లకీ ఈ కబురు. తొందరగా తుప్పు పట్టే కార్బన్ స్టీలు మడత చాకును ఇకమీదట అడగ్గానే తీసి ఇవ్వం. ఏం కోయడానికి, ఎక్కడ వాడతారని ముందు అడుగుతాం. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లయితే స్టెయిన్‌లెస్ రకమే ఇస్తాం.

చెరువుగట్టు మీద మేత బస్తా కుట్టు కోసి, నైలాన్ తాడు కోసి, తడి చేత్తోనే చాకు మడిచి జేబులో వేసుకుంటారు. ఉప్పునీటి చెమ్మ పిడి లోపలికి దిగి, అలుగును (కోసే రేకును) పిడికి బిగించే రివిట్టు చుట్టూ నిలిచిపోతుంది. అక్కడ గాలి ఆడదు, గుడ్డ చేరదు. అలుగు పైకి తళతళలాడుతూనే ఉంటుంది, లోపల తుప్పు ఉబ్బి కొన్నాళ్లకు చాకు తెరుచుకోదు. అప్పుడు రివిట్టు కొట్టి విప్పడం తప్ప దారి లేదు. విప్పి బిగించిన చాకుకి మొదటి బిగువు రావడం కష్టం. రిపేరుకి వచ్చే చాకుల్లో ఎక్కువ ఈ బాపతే.

స్టెయిన్‌లెస్ అన్నాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే దానికి ఆ పేరు. ఆ క్రోమియం అలుగు మీద కంటికి కనపడని పొర కడుతుంది. ఉప్పు నిలవుంటే ఆ పొరకీ సూదిపోటంత గుంటలు పడతాయి. చెరువు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక చాకు తెరిచి మంచినీళ్ల కుళాయి కింద పట్టండి, దులపండి, తుడవండి, అరగంట తెరిచి ఉంచి అప్పుడు మడవండి. అంతకు మించి దానికి చాకిరీ లేదు.

నిమ్మతోటల వాళ్లకు మాత్రం కార్బన్ స్టీలే మంచిదని మా అభిప్రాయం. గూడూరు, పొదలకూరు వైపు తోటల్లో సన్న కొమ్మ కోయడానికి, కాయ కోసి చూడటానికి దాని పదునే వేరు, ఇంట్లో సానరాయి మీద తొందరగా తిరిగొస్తుంది కూడా. కొన్న వారంలోనే అలుగు నల్లబడిందని ఫోన్లు వస్తుంటాయి. నిమ్మపులుసు తగిలితే కార్బన్ స్టీలు బూడిదరంగుకో, నీలం కలిసిన నలుపుకో తిరుగుతుంది. దాన్ని తోమి పోగొట్టకండి, ఆ పొర ఉన్నచోట తుప్పు నెమ్మదిగా పడుతుంది. ఎర్రగా, వేలికి అంటుకునేలా కనిపిస్తే అది తుప్పు. సన్న ఎమెరీ కాగితంతో తుడిచి చుక్క కొబ్బరినూనె రాయండి. ఇక రసం అలుగు మీదే ఆరిపోనిస్తే పదును అంచే ముందు తినేస్తుంది. కోసిన వెంటనే ఓసారి లుంగీకి తుడిచినా చాలు.

కొండపి, టంగుటూరు పొగాకు రైతులకు ఒక్క మాట. అలుగుకి పట్టిన పొగాకు జిగురును గీకితే గీతలు పడతాయి. వంటనూనె పూసి పది నిమిషాలు ఆగి సబ్బునీళ్లతో కడిగితే ఊడొస్తుంది.

ఇప్పుడు ఈ దఫా సరుకు సంగతి. లాకు లేని పాతకాలపు రకంలో వీపు వైపుండే స్ప్రింగే ప్రాణం. అలుగు మొదట్లో ఉండే చదును భాగాన్ని అది నొక్కి పట్టుకుంటుంది కాబట్టే చాకు తెరిచి ఉంటుంది. ఈసారి వచ్చిన వాటిలో కొన్నిటికి స్ప్రింగు మెత్తగా ఉంది. అవన్నీ వెనక్కి పంపాం. అందుకే పొడవు పిడి రకం ఈ నెల తక్కువగా ఉంది, పండక్కి ముందు మళ్లీ వస్తుంది. మీరు ఎక్కడ కొన్నా ఇలా చూసుకోండి. గోటి గాడిలో గోరు పెట్టి మెల్లగా తెరవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు టక్‌మని వినపడాలి. తెరిచిన అలుగును రెండు వేళ్లతో పట్టి పక్కలకి ఊపితే కదలకూడదు. మూసేటప్పుడు చివర్లో వదిలేయకుండా వేలితో ఆనించి దించండి, పదును అంచు లోపల స్ప్రింగుకి తగిలితే చిన్న చప్పుడు వస్తుంది. అలా తగిలే చాకు రోజూ ఒకేచోట మొద్దుబారుతుంది, ఎన్నిసార్లు పదును పెట్టినా అంతే. మూశాక పిడి మీద వేలు రాస్తే మొన గుచ్చుకోకూడదు. ఈ నాలుగూ సరిగా ఉంటే పిడి రంగు మీ ఇష్టం.

చెక్కపిడి చాకుల గురించి వేరుగా చెప్పాలి. ఫ్రాన్సు సవోయ్ ప్రాంతంలో 1890లో మొదలైన ఒపినెల్ రకం, అందులో 8.5 సెంటీమీటర్ల అలుగుండే 8వ నంబరు మా దగ్గర బాగా అడుగుతారు. దాని మెడ దగ్గర తిరిగే రింగు 1955లో వచ్చింది. అది తిప్పితే అలుగు వేలి మీదికి మూసుకోదు. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా. ఆ రోజుల్లో చెక్క చెమ్మ పీల్చి ఉబ్బి అలుగును బిగబడుతుంది, ఏ చెక్కకైనా ఇది సహజం. కటింగ్ ప్లేయరుతో లాగొద్దు. నీడలో, ఫ్యాను కింద ఒకటి రెండు రోజులు పెట్టండి, తెరుచుకున్నాక గాడి లోపల కొవ్వొత్తి మైనం రుద్దండి. ఎండలో మాత్రం పెట్టకండి, చెక్క పగులుతుంది.

పదును విషయంలో ఎక్కువమంది చెడగొట్టుకునేది బండి మీద తిరిగే సానచక్రం దగ్గర. పలచటి అలుగు చక్రం మీద క్షణాల్లో వేడెక్కుతుంది. అంచున నీలిరంగు కనపడిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లినట్టు. మామూలు కార్బన్ స్టీలుకి ఆ చోట గట్టిదనం తగ్గిపోయిందన్నమాట, అంతమేర అరగదీస్తేగానీ మళ్లీ పదును నిలవదు. ఇంట్లో 1000 నంబరు నీటి సానరాయి ఒక్కటుంటే చాలు, నొక్కులు పడితేనే ఇంకా గరుకైన 400 నంబరుది కావాలి. రాయిని తడపండి. అలుగును బల్లపరుపుగా పెట్టి వీపు వైపు సుమారు 6 మిల్లీమీటర్లు లేపండి. నాలుగు రూపాయి నాణేలు దొంతరగా పేర్చినంత ఎత్తు. 18 మిల్లీమీటర్ల వెడల్పు అలుగుకి అది 20 డిగ్రీల కోణం. ఆ కోణం మారకుండా, అలుగు తిప్పకుండా ఒక పక్కనే రాయి మీద తోస్తూ ఉండండి. అలుగు అవతలి పక్క, అంచు మీద బొటనవేలు వీపు నుంచి బయటికి అడ్డంగా రాస్తే సన్నగా గరుకు తగలాలి. అంచు పొడవునా ఆ గరుకు రాకముందే రెండోవైపు తిప్పడం వల్లే పదును కుదరదు. రెండువైపులా వచ్చాక ఒత్తిడి తగ్గించి అటొకసారి ఇటొకసారి పదేసి సార్లు తోసి, పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగండి. పాత కాగితం గాల్లో పట్టి కోస్తే ఆగకుండా తెగాలి.

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లు నూనె తగ్గించండి. రివిట్టు దగ్గర నూనె ఎక్కువైతే గ్రానైటు దుమ్ము పేస్టులా తయారై ఇనుమునే అరగదీస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో చాకు ముంచి పదిసార్లు తెరిచి మూసి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి.

చాకు మొనతో స్క్రూలు తిప్పడం, డబ్బా మూతలు పెళ్లగించడం చేస్తే మొన విరుగుతుంది. దానికి మార్పిడి ఇవ్వం. విరిగిన మొనను వీపు వైపు నుంచి అరగదీసి సరిచేస్తాం, అలుగు 2, 3 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. ఆ పనులకి వేరే సరంజామా జేబులో ఉండాలి. స్విచ్చిబోర్డుల ప్లస్ గుర్తు స్క్రూలకి పీహెచ్2 సైజు బిట్టు, చిన్నవాటికి పీహెచ్1 బిట్టు, ఒకే కాడతో ఇస్తున్నాం. అరచేతిలో పట్టే ప్లేయరు బైండింగు వైరు వరకే కోయాలి. సైకిలు ఊచ కోస్తే దాని అంచు పళ్లు పడుతుంది. చిన్న టార్చిలో ఏఏఏ ఆల్కలైన్ సెల్లు నెలల తరబడి వదిలేస్తే కారి టార్చే పోతుంది, వాడనప్పుడు తీసేయండి. సర్కారుతుమ్మ ముల్లు, నిమ్మముల్లు దిగినప్పుడు అన్నిటికంటే అక్కరకొచ్చేది ట్వీజరు. స్విట్జర్లాండు కంపెనీ విక్టోరినాక్స్ చేసే 91 మిల్లీమీటర్ల చాకు రకంలో అది పిడిలోనే దూర్చి ఉంటుంది. మొదటి చాకు కొనేవాళ్లకు మేం చూపించేది అదే.

చట్టం గురించి అడుగుతున్నారు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్నవి ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటికి, సేద్యానికి, పరిశ్రమలకి చేసిన వాటికి మినహాయింపు ఉంది. మా దగ్గర 4 అంగుళాలు దాటిన మడత చాకు లేదు, బటను నొక్కితే తెరుచుకునేవి తెప్పించం. అలుగు చిన్నదైనా కోర్టుకి, కలెక్టరేటుకి, పరీక్ష హాలుకి వెళ్లేరోజు ఇంట్లో పెట్టి వెళ్లండి. తిరుమల ప్రయాణమైనా అంతే, అలిపిరి తనిఖీ దగ్గర ఇబ్బంది పడొద్దు. రేణిగుంటలోనో చెన్నైలోనో విమానం ఎక్కేవాళ్లు చేతిసంచిలో పెట్టుకోకూడదు, చెక్-ఇన్ దగ్గర ఇచ్చేసే పెట్టెలో సర్దుకోవాలి.

పదును పెట్టడానికి 60 రూపాయలు, మొన సరిచేయడానికి 120. మా దగ్గర కొన్న చాకుకి మొదటిసారి ఉచితం, బిల్లు లేకపోయినా పర్లేదు, చూసి గుర్తుపడతాం. ఉదయం ఇస్తే సాయంత్రానికి ఇస్తాం. రివిట్టు విప్పాల్సిన పనైతే వారం పడుతుంది. పార్సిల్లో పంపేవాళ్లు అలుగు మూసి, రబ్బరుబ్యాండు వేసి, అట్టలో చుట్టి పంపండి. చెరువులో వాడినదైతే చీటీ మీద ఆ ముక్క రాయండి, ముందు దాన్నే విప్పుతాం.