గర్భిణి నర్సులకి నైట్ డ్యూటీలు ఆపండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విజయనగరం, నేను ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. మా కోడలు ఇక్కడే ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ఇప్పుడు ఆరో నెల. వారం నైట్, వారం డే, మళ్ళీ నైట్. పొద్దున ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి కిటికీకి పాత చీర రెండు మడతలేసి కట్టుకుని పడుకుంటుంది, అయినా వెలుతురు ఆగదు, రెండు గంటలకే లేచి కూర్చుంటుంది, పాదం మీద చెప్పు పట్టీ అచ్చు సాయంత్రం దాకా పోదు. నైట్ తియ్యండమ్మా అని అడిగితే గర్భం జబ్బేం కాదు కదా అన్నారట.

నిద్ర చాలక నీరసం, అంతే అనుకుంటారు అందరూ. అంతే కాదండి. చీకటి పడ్డాక మన మెదడులో ఓ చిన్న గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్ వదుల్తుంది, రాత్రిపూట తెల్ల లైటు కళ్ళల్లో పడితే అది తగ్గిపోతుంది. కడుపులో బిడ్డకి దాన్ని సొంతంగా ఓ వేళ ప్రకారం తయారు చేసుకోవడం రాదు, పుట్టాక కొన్ని నెలలకి గానీ రాదు, అందాకా తల్లి రక్తంలోంచి మాయ దాటి వచ్చిందే దానికి ఆధారం. బయట రాత్రో పగలో బిడ్డకి చెప్పేది తల్లి ఒళ్ళే కదా.

చిలీ దేశం సైంటిస్టులు 2004లో ఒక స్టడీ రాశారు. కడుపుతో ఉన్న కోతుల్ని నెలలు నిండేటప్పుడు రాత్రీ పగలూ లైట్ల కిందే ఉంచితే పుట్టిన పిల్లల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా ఉంది, అదే లైట్లలో ఉంచి తల్లికి మెలటోనిన్ ఇస్తే పెరగలేదు. (అలాగని బిళ్ళలు కొని వేసుకోకండమ్మా, డాక్టర్ని అడక్కుండా వద్దు.) ఎలుకల్లో అయితే గర్భంతో ఉండగా వెలుతురు వేళలు మార్చేస్తూ పోతే, ఆ పిల్లలు పెద్దయ్యాక షుగర్ అదుపు తప్పడం కనిపించింది. కోతులూ ఎలుకలే కదా అనొచ్చు, మరి గర్భిణుల్ని అలా లైట్ల కింద పెట్టి పరీక్షలు చెయ్యలేం కదా, చెయ్యకూడదు కూడా. డెన్మార్క్‌లో మాత్రం 2019లో ఉద్యోగినుల రికార్డులు చూస్తే, వారంలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ నైట్లు చేసినవాళ్ళకి ఆ తర్వాతి వారం గర్భం పోయే అవకాశం ఎక్కువని తేలింది.

గ్రహణం రోజు కడుపుతో ఉన్న పిల్లని గడప దాటనివ్వం, తలుపులు మూసి గదిలో కూర్చోబెడతాం, అంత భయం మనకి. నెలకి పదిహేను రాత్రులు ట్యూబ్‌లైట్ కింద నిలబెడితే ఎవరం మాట్లాడం.

2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, మంచిదే, కానీ కాన్పుకి ముందు అందులో వాడుకోగలిగేది 8 వారాలే. మూడో నెల, ఆరో నెల సంగతేంటి? గర్భం అని తెలిసిన రోజు నుంచే నైట్ రోస్టర్‌లోంచి పేరు తియ్యాలి, అందుకు జీతం కొయ్యకూడదు. గర్భిణులు పడుకునే వార్డుల్లో రాత్రి పది దాటాక పెద్ద లైట్లు ఆపి, పసుపు రంగు జీరో బల్బులు వెయ్యాలి. దీనికి పెద్ద ఖర్చేం లేదు, కలెక్టర్ గారు, జిల్లా వైద్యాధికారి గారు ఒక్క ఆర్డర్ ఇస్తే చాలు.

మా కోడలికి సోమవారం నుంచి మళ్ళీ నైట్ పడింది.

– ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, విజయనగరం