లండన్ మ్యూజికల్స్ ప్యాకేజీలో సీట్లు, రోజులు, ధరలపై ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,
విదేశీ యాత్రల విభాగం,
ద్వారకానగర్ కార్యాలయం.

విషయం: జూన్ నెల లండన్ యాత్ర (11 మంది, 5 రాత్రులు, 3 మ్యూజికల్స్). సీట్ల తరగతి తప్పుగా చెప్పడం, ఎక్కువ ధర వసూలు చేయడం.

అయ్యా,

మీరు మాకు అమ్మిన ప్యాకేజీలో లే మిజరబ్ల్, లయన్ కింగ్, ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా అనే మూడు మ్యూజికల్స్ (పాటలతో నడిచే నాటకాలు) ఉన్నాయి. ఆటల మీద మాకు పేచీ లేదు. ఏ ఆటకి ఏ అంతస్తు, ఏ రోజు, ఎంత ధర అన్నచోటే తప్పు జరిగింది.

ముందు సీట్ల సంగతి. లయన్ కింగ్‌కి మీరిచ్చినవి గ్రాండ్ సర్కిల్ సీట్లు. బిల్లులో వాటికెదురుగా ‘ప్రీమియం’ అని రాశారు. మన సినిమా హాల్లో నేల కంటే బెంచీ, బెంచీ కంటే కుర్చీ, అన్నిటికంటే బాల్కనీ ఖరీదు. తెరకి మరీ దగ్గరైతే మెడ పట్టేస్తుంది కాబట్టి సినిమాకి ఆ లెక్క సరిపోతుంది. నాటకానికి అది తిరగబడుతుంది, అక్కడ నటుడి ముఖం కనబడాలి. లయన్ కింగ్ ఆడే లైసియం థియేటర్‌లో నేల అంతస్తును స్టాల్స్ అంటారు, దానిపైది రాయల్ సర్కిల్, అన్నిటికంటే పైన గ్రాండ్ సర్కిల్. పేరులో గ్రాండ్ ఉన్నంత మాత్రాన అది గొప్ప తరగతి అయిపోదు. మెట్లు ఎక్కువ, వాలు ఎక్కువ, వేదిక దూరం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎంతమంది అని బుకింగ్ ఫారంలో అడిగి, మేం రాసిచ్చాక కూడా ఆ సీట్లే కొన్నారు.

పైగా ఈ ఆటకి పై అంతస్తు ఎందుకు పనికిరాదో ఆట మొదలైన నిమిషంలోనే తెలుస్తుంది. మొదటి పాటలో జంతువులు స్టాల్స్ నడవాల్లోంచి, ప్రేక్షకుల మధ్యగా వేదిక మీదికి నడిచొస్తాయి, ఏనుగుతో సహా. గ్రాండ్ సర్కిల్‌లో ఉన్నవాళ్లకి అందులో చాలాభాగం కనబడదు. నడవా పక్క స్టాల్స్ సీటు దొరికితేనే ఆ డబ్బుకి న్యాయం.

ఫాంటమ్‌కి దీనికి సరిగ్గా ఎదురు చేశారు. అది వేలంపాట సీనుతో మొదలవుతుంది. 666వ నంబరు సరుకుగా పెట్టిన షాండిలియర్ (పెద్ద వేలాడే దీపాల గుత్తి) వెలిగి, ప్రేక్షకుల తలల మీదుగా పైకి లేస్తుంది. మొదటి అంకం చివర కిందికి వచ్చేదీ అదే. మీరు స్టాల్స్‌లో వెనక వరసలు కొన్నారు. ఫాంటమ్ ఆడే, 1897లో కట్టిన థియేటర్‌లో రాయల్ సర్కిల్ నేల అంతస్తు మీదికి చూరులా పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కింద పడ్డ వరసలకు వేదిక పైభాగమూ, షాండిలియరూ చూరు చాటున పోతాయి. మా 11 టికెట్లలో 4 టికెట్ల మీద ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ (చూపుకి అడ్డు ఉంది) అని అచ్చు వేసి ఉంది. అలాంటి సీటును తగ్గించిన ధరకే అమ్ముతారు. మీ బిల్లులో ఆ మాటా లేదు, తగ్గింపూ లేదు. రాయల్ సర్కిల్ ముందు వరసలు ఈ ఆటకి తగినవి. అంటే నేల మీద చూడాల్సిన ఆటకి మేడ, మేడ మీద చూడాల్సిన ఆటకి నేల ఇచ్చారు.

ఇక రోజులు. మీరు అచ్చేసిన కార్యక్రమంలో ఫాంటమ్ ఆదివారం రాత్రి 7:30కి. లండన్ పెద్ద మ్యూజికల్స్ మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు, ఆరు రాత్రులు, రెండు మధ్యాహ్నాలు. ఆదివారం రాత్రి చాలావాటికి సెలవు. ఈ సంగతి విమానం ఎక్కాక తెలుసుకుని, ఫాంటమ్‌ని శనివారానికి జరిపారు. ఆ రోజే మధ్యాహ్నం 2:30కి లయన్ కింగ్. అది 5కి అయిపోతుంది. లైసియం నుంచి హేమార్కెట్‌లోని ఫాంటమ్ థియేటర్‌కి పావుగంట నడక. ఆ మధ్యలో అక్కడే ఎక్కడైనా నాలుగు ముద్దలు తినిపిస్తే సరిపోయేది. బస్సెక్కించి దూరంగా ఉన్న వెంబ్లీకి తీసుకెళ్లి అన్నం పెట్టించారు. శనివారం సాయంత్రం ట్రాఫిక్‌లో అక్కడికి వెళ్లి 7:30కి తిరిగి రావడం కుదరని పని. ఆట మొదలయ్యాక వచ్చినవాళ్లని తగిన విరామం దొరికేదాకా బయటే నిలబెడతారు. షాండిలియర్ లేచే ఘట్టం మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది. మీ సీట్ల నుంచి అది ఎటూ కనబడేది కాదనుకోండి.

లే మిజరబ్ల్‌ని దిగిన రోజు రాత్రే పెట్టారు. జూన్‌లో లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అక్కడ 7:30 అంటే మన ఒంటికి అర్ధరాత్రి 12. ఆట నిడివి పది నిమిషాలు తక్కువ మూడు గంటలు. అది అయ్యేసరికి విశాఖలో తెల్లవారుజామున 2:50. పైగా అందులో మామూలు మాటలు దాదాపు లేవు, మొదటినుంచి చివరిదాకా పాటే. మన పద్యనాటకంలో నటుడు రాగం తీసేలోపు భావం పట్టుకునే తీరిక ఉంటుంది, పద్యం అయ్యాక వచనం కథని ముందుకు నడుపుతుంది. ఇక్కడ ఒక్క చరణం జారితే కథే జారుతుంది. దీన్ని మూడో రోజుకి పెట్టి, ముందుగా రెండు పేజీల కథాసారం తెలుగులో ఇవ్వాలి. దిగిన రాత్రి ఏ ఆటా వద్దు. తప్పదంటే, కథ తేలికగా ఉండి పాటలే నడిపించే మమ్మా మియా లాంటిది పెట్టండి.

బ్రోచర్‌లో లే మిజరబ్ల్ పక్కన ‘తిరిగే వేదిక’ అని గొప్పగా వేశారు. ఆ పాత ప్రదర్శన లండన్‌లో 2019 జూలైలో ముగిసింది. ఇప్పుడు సోండ్‌హైమ్ థియేటర్‌లో ఆడుతున్న కొత్త ప్రదర్శనలో తిరిగే వేదిక లేదు. సురభి వారి సెట్టింగులు చూసి పెరిగిన ఊళ్లో ఇలాంటి మాటకి జనం డబ్బు కడతారని మీకు తెలుసు, అందుకే అది చిన్న తప్పు కాదు. ‘ప్రోగ్రాం పుస్తకం ఉచితం’ అన్నదీ తప్పే. న్యూయార్క్‌లో ఉచితంగా చేతికిస్తారు, లండన్‌లో కొనుక్కోవాలి. మీ న్యూయార్క్ ప్యాకేజీ కాగితంలో బ్రాడ్వే (అక్కడి నాటకశాలల వీధి) ఫాంటమ్ ఇంకా ఉంది. మెజెస్టిక్ థియేటర్‌లో అది 2023 ఏప్రిల్ 16న ఆగిపోయింది. ఇంకెవరికైనా అమ్మకముందే తీసేయండి.

ప్యాకేజీలోని మూడూ కాక, నాలుగో ఆటకి లెస్టర్ స్క్వేర్‌లోని తగ్గింపు టికెట్ల కౌంటర్‌లో సగం ధరకి ‘అందరికీ పక్కపక్కనే సీట్లు’ అన్న హామీ కూడా నిలిచేది కాదు. అక్కడ ఏ ఆటలు, ఎన్ని సీట్లు దొరుకుతాయన్నది ఆ రోజు మిగిలినదాన్ని బట్టి ఉంటుంది. ఇద్దరికైతే సరే, 11 మందికి ఒకే వరస అడగడం అత్యాశ.

లయన్ కింగ్ టికెట్ మీద అచ్చయిన ధర 45 పౌండ్లు. మీ బిల్లులో 110. తలకి 65 చొప్పున 11 మందికి 715 పౌండ్లు తేడా. సర్వీసు ఛార్జీ బిల్లులో వేరే గడిలో వసూలు చేశారు కాబట్టి ఇది సర్వీసు కిందికి రాదు.

మేం కోరేవి ఇవి. ఆ 715 పౌండ్లను మేం చెల్లించిన నాటి మారకపు రేటుకి రూపాయల్లో వాపసు ఇవ్వాలి. రిస్ట్రిక్టెడ్ వ్యూ టికెట్లు నాలుగింటికీ పూర్తి ధర తిరిగివ్వాలి. ఫాంటమ్ సీట్ల అసలు ధరలు చూపే థియేటర్ రసీదు నకలు మాకు పంపాలి. ఇకమీదట మీ ఫారంలో అంతస్తు పేరు, వరస, టికెట్ మీది ధర, చూపుకి అడ్డు ఉందో లేదో నాలుగూ డబ్బు కట్టించుకోకముందే రాసివ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. టికెట్లు, బిల్లు, బ్రోచర్ల జిరాక్సులు జతచేశాం. అసలు కాగితాలు మా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
11 మంది యాత్రికుల తరఫున