ఇంట్లో ప్లగ్ లేనివాళ్ల తరఫున రవాణా మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నిన్న రాత్రి పదకొండు గంటలప్పుడు నేను ఒక ఛార్జింగ్ స్టేషన్ ముందు కారులో కూర్చుని ఉన్నాను. అక్కడ రెండు గన్లున్నాయి (కేబుల్ చివర కారుకు తగిలించే ప్లగ్గును గన్ అంటారు). ఒకటి చెడిపోయింది, కానీ యాప్‌లో మాత్రం రెండింటికీ పచ్చ రంగే చూపిస్తోంది. పనిచేసే గన్‌కు తగిలించి ఉన్న కారులో ఒకాయన సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్నాడు. ఆయన బ్యాటరీ తొంభై శాతం దాటేసింది. లేపాలా వద్దా అని పావుగంట తటపటాయించాను. లేపలేదు. ఈ ఉత్తరం సగం అక్కడ కూర్చునే మనసులో రాసుకున్నాను.

ముందే ఒక మాట. ఎలక్ట్రిక్ కారు కొన్నందుకు నాకు బాధేమీ లేదు. నడపడానికి హాయిగా ఉంది, చప్పుడు లేదు, సర్వీసింగ్ ఖర్చూ తక్కువే. బాధల్లా ఒక్కటే. నేనుండేది అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో. మాకు పార్కింగ్ లేదు కాబట్టి కారు వీధిలోనే ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయనకు సరిగ్గా ఇదే మోడల్ కారు ఉంది. ఆయనకు సొంత ఇల్లు, గోడకు ప్లగ్ ఉన్నాయి. ఇద్దరం రోజూ దాదాపు ఒకే దూరం తిరుగుతాం. ఆయన ఇంటి కరెంటు రేటు కడతాడు, నాకు దానికి రెట్టింపు పైనే పడుతుంది. పైగా ఆయన కారు ఆయన నిద్రపోతుండగా నిండుతుంది, నాది నేను మేలుకుని ఉంటేనే నిండుతుంది. ఇల్లున్నవాడికి చవక, లేనివాడికి ఖరీదు అన్నట్టు తయారైంది ఈ వ్యవహారం.

ఇందులో స్టేషన్లు నడిపేవాళ్ల అత్యాశ ఒక్కటే కారణమని నేను అనను. లెక్క తెలుసుకున్నాక వాళ్ల మీద కొంచెం జాలి కూడా కలిగింది. 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ ఒకటి పెట్టాలంటే అంత లోడ్ ముందుగానే మంజూరు చేయించుకోవాలి, దానికి తగ్గ కేబుల్ వేయాలి, అవసరమైతే ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. ఆ పైన, ఎంత కరెంటు వాడారన్నదానితో పాటు ఒకేసారి ఎంత లాగగలరన్నదానికి కూడా కొన్నిచోట్ల డిమాండ్ ఛార్జీ కట్టాల్సి వస్తుంది. రోజుకు ముప్పై కార్లు వచ్చినా, మూడే వచ్చినా ఆ ఖర్చు పెద్దగా మారదు. మూడే వస్తే మొత్తం ఆ ముగ్గురి నెత్తినే పడుతుంది. ఖాళీగా ఉండే ఛార్జర్ కరెంటే అన్నిటికంటే ఖరీదు. అందుకే 'ఈ ఏడాది ఇన్ని ఫాస్ట్ ఛార్జర్లు పెట్టాం' అనే ప్రకటన చదివితే నాకు సంతోషం బదులు అనుమానం వస్తోంది. ఎవరూ రాని చోట సంఖ్య కోసం పెట్టిన ప్రతి గన్ ఖర్చునూ చివరికి మాలాంటివాళ్లే మోస్తారు.

అసలు నగరంలో తిరిగే సొంత కారుకు అంత వేగం అవసరమా? నా కారు రోజుకు నలభై కిలోమీటర్లు తిరుగుతుంది. వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు తాగే కారుకు అంటే రోజుకు 6 యూనిట్లు చాలు. ఇరవై నాలుగు గంటల్లో ఇరవై రెండు గంటలు అది కదలకుండానే ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటల్లో 6 యూనిట్లు నింపడానికి ఒక కిలోవాట్ కూడా అక్కర్లేదు. ఇలాంటి పది కార్లు ఒకే వీధిలో ఉన్నాయనుకోండి, మొత్తం 60 యూనిట్లు. లోడ్‌ను కార్ల మధ్య పంచే ఏర్పాటు ఉంటే రాత్రంతా కలిపి ఏడున్నర కిలోవాట్లతో సరిపోతుంది. అంటే మామూలు 7.4 కిలోవాట్ల స్లో ఛార్జర్ ఒక్కటి లాగే కరెంటుతో పది కార్ల రోజువారీ అవసరం దాదాపు తీరుతుందన్నమాట. ఒక ఫాస్ట్ ఛార్జర్‌కు ఇచ్చే 60 కిలోవాట్లను ఇలా పంచితే ఎనభై కార్లకు వస్తుంది. మార్గంలో కొంత వృథా పోతుంది నిజమే, అది తీసేసినా డెబ్బైకి తగ్గదు.

లండన్‌లో వేలాది వీధి దీపాల స్తంభాలకే సాకెట్లు అమర్చారు. వాటి నుంచి సాధారణంగా 5 కిలోవాట్ల దాకా వస్తుంది. కేబుల్ కారు యజమానే తెచ్చుకుంటాడు, పని అయ్యాక తీసుకుపోతాడు. స్తంభానికి ఏదీ వేలాడదు కాబట్టి కేబుల్ తెగ్గొట్టి రాగి అమ్ముకునే దొంగల భయం లేదు. ఎక్కడపడితే అక్కడ ఇది కుదరకపోవచ్చు. కొన్ని వీధుల్లో దీపాల లైను సన్నగా ఉంటుంది, అక్కడ విడిగా లైను వేయాలి. అయినా నాలుగు వీధుల అవతల ఫాస్ట్ స్టేషన్ కట్టడం కంటే ఇదే నయం కదా.

ఫాస్ట్ ఛార్జర్లు వద్దనడం లేదు. ట్యాక్సీ నడిపేవాళ్లకు, సరుకులు చేరవేసేవాళ్లకు గంటసేపు ఆగడమంటే గంట కూలి పోయినట్టే. దూర ప్రయాణం చేసేవాళ్లకూ అవి కావాలి. మాలాంటివాళ్లం కూడా వేరే దారిలేక వెళ్లి అక్కడే వరసలో నిలబడుతున్నాం, ఆ ట్యాక్సీ డ్రైవర్ గంట తినేస్తున్నాం.

ఇక రేట్ల పట్టిక సంగతి. నేను వాడే స్టేషన్లలో ఒకటి యూనిట్‌కు ఇంత అంటుంది, ఇంకొకటి నిమిషానికి ఇంత అంటుంది, మరొకటి గన్ తగిలించినందుకే కొంత తీసుకుంటుంది. నిమిషాల లెక్క ఎంత అన్యాయమో చెబుతాను. ఛార్జింగ్ స్తంభం మీద 22 కిలోవాట్లు అని రాసి ఉంటుంది. ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటుతో చేసే ఛార్జింగ్‌లో ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది కారు లోపలుండే ఆన్‌బోర్డ్ ఛార్జర్. నా కారులో దాని సామర్థ్యం 7.2 కిలోవాట్లే, స్తంభం ఎంత ఇవ్వగలిగినా అంతకు మించి తీసుకోదు. పక్కనున్న ఖరీదైన కారు 22 తీసుకుంటుంది. ఇద్దరం గంట ఉండి ఒకే డబ్బు కడతాం, ఆయనకు నాకంటే మూడు రెట్లు కరెంటు వెళ్తుంది. బ్యాటరీకి నేరుగా కరెంటు పంపే డీసీ ఫాస్ట్ ఛార్జర్ దగ్గరా ఇదే గొడవ, ఎనభై శాతం దాటగానే బ్యాటరీ భద్రత కోసం వేగం తగ్గిపోతుంది, నిమిషాలు మాత్రం తగ్గవు. కరెంటు యూనిట్లలో కొంటాం, బిల్లు కూడా యూనిట్లలోనే ఉండాలి. పెట్రోలును నిమిషాల లెక్కన ఎవరైనా అమ్ముతారా?

నా ఫోన్‌లో ఐదు ఛార్జింగ్ యాప్‌లున్నాయి. ప్రతి వాలెట్‌లోనూ వాడుకోవడానికి చాలని, వదులుకోవడానికి మనసొప్పని కాస్త డబ్బు ఇరుక్కుని ఉంది. సిగ్నల్ అందని సెల్లార్లలో ఓటీపీ కోసం ఫోన్ పట్టుకుని మెట్లెక్కి దిగిన రోజులున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 ఏప్రిల్ 13 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆపై ఛార్జర్ల దగ్గర ఏ సభ్యత్వమూ లేకుండా కార్డుతో డబ్బు కట్టే వీలుండాలి, రేటు యూనిట్ లెక్కన చెప్పాలి. గన్ తీశాక ఎంతైందో తెలుసుకోవడం కాదు, తగిలించక ముందే తెలియాలి.

పచ్చ రంగు సంగతికి వస్తాను. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు 657 ఫాస్ట్ ఛార్జింగ్ గన్ల దగ్గరకు స్వయంగా వెళ్లి పరీక్షించారు. 72.5 శాతమే పనిచేశాయి. కొన్నిచోట్ల స్క్రీన్ స్పందించలేదు, కొన్నిచోట్ల డబ్బు కట్టడం కుదరలేదు. దాదాపు 5 శాతం చోట్ల కేబుల్ కారు దాకా అందనేలేదు (అది చదివి నవ్వాను, ఆ మర్నాడే నాకూ అదే జరిగింది). ఛార్జర్ ఇంటర్నెట్‌లో కనిపిస్తుంటే పనిచేస్తున్నట్టే అనుకోవడంలో ఉంది ఈ మోసం. బ్రిటన్‌లో ఫాస్ట్ ఛార్జర్ల నెట్‌వర్క్ ఏడాది సగటున 99 శాతం సమయం పనిచేయాలని 2023 నాటి నిబంధనల్లో పెట్టారు. అమెరికా ప్రభుత్వ నిధులతో పెట్టే ఛార్జర్లకు 97 శాతం అన్నారు. మన నగరానికి కూడా అలాంటి అంకె ఒకటి పెట్టండి. కానీ లెక్కించాల్సింది ఆన్‌లైన్‌లో ఉన్న గంటలను కాదు. వచ్చినవాళ్లలో ఎందరు మొదటి ప్రయత్నంలోనే ఛార్జ్ చేసుకుని వెళ్లారో లెక్కించండి. సబ్సిడీ దాన్ని చూసి ఇవ్వండి, ప్రారంభోత్సవం చూసి కాదు.

నిండిన తర్వాత కూడా కారు తీయనివాళ్లకు వేసే ఐడిల్ ఫీజు గురించి ఒక మాట. ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర అది ఉండాల్సిందే, నిన్నటి నిద్రపోయిన పెద్దమనిషికి కూడా. కానీ వీధిలో స్లో స్తంభాలకు రాత్రిపూట ఆ ఫీజు పెట్టవద్దు. తెల్లవారుజామున మూడింటికి కారు నిండిందని మెసేజ్ వస్తే ఎవరు లేచి కిందికి వస్తారు? ఆ టెన్షన్ పెడితే జనం మళ్లీ ఫాస్ట్ స్టేషన్లకే పోతారు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, వయసు మీదపడినవాళ్లు ఈ బరువైన గన్లను ఎత్తలేకపోతున్నారన్నది కూడా డిజైన్లు ఖరారు చేసేటప్పుడు చూడండి. స్క్రీన్ ఎత్తు, ముందు చదునైన నేల, ఇవి తర్వాత మార్చడం కష్టం.

లోడ్ మంజూరు చేసేది విద్యుత్ శాఖ, వీధి దీపాలూ ఫుట్‌పాత్‌లూ నగరపాలక సంస్థవి, విధానం మీ శాఖది. ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూపిస్తారని మాకు తెలుసు, మీకు మాకంటే బాగా తెలుసు. అందుకే పెద్ద పథకం ఏదీ అడగడం లేదు. నగరంలో ఏ వీధి దీపాల లైనులో ఎంత లోడ్ మిగిలి ఉందో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఎంత ఖాళీగా ఉంటుందో ఆ రెండు శాఖల చేత లెక్క తీయించి వీధుల వారీగా బయటపెట్టండి. ఏ వీధిలో స్తంభం కావాలో మేమే దరఖాస్తు పెట్టుకుంటాం.

ఇట్లు,
వీధిలో కారు పెట్టుకునే ఒక అద్దెదారు