మాతృ మరణాల సమీక్షలో మా మాట కూడా వినండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట ప్రాంతంలోని ఒక పల్లె నుండి రాస్తున్నాను. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన మా అన్న కూతురు, బిడ్డను కన్న రాత్రే రక్తస్రావంతో చనిపోయింది. ఆ మరణంపై జరగవలసిన సమీక్షలో మా కుటుంబం మాట కూడా వినమని సోమవారం గ్రీవెన్సులోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పలుమార్లు అర్జీలు పెట్టుకున్నాము. చివరికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో చెప్పినవారు లేరు కనుక అందరి ఎదుట తమకు ఈ లేఖ రాయవలసి వచ్చింది.

తల్లి గర్భంతో ఉండగా గానీ, కాన్పయిన 42 రోజుల లోపు గానీ మరణిస్తే ఇంటి దగ్గరా ఆసుపత్రిలోనూ విచారణ జరగాలని, జిల్లా కమిటీ దాన్ని పరిశీలించాలని, ఆపైన కలెక్టర్ సమీక్షకు ఆమె బంధువులను పిలిచి వారి నోటనే జరిగింది వినాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2010 నాటి మార్గదర్శకాలలో ఉంది. 2017లో వాటిని సవరించి, తేలిన లోపాలను సరిదిద్దే బాధ్యతను మరింత గట్టిగా రాశారు. ఇవి తమకు తెలియనివి కావు. మాకు మాత్రం ఆ పిలుపు ఈనాటికీ రాలేదు.

ఇంటికి విచారణకు వచ్చినవారు మర్యాదగానే మాట్లాడారు, వారిమీద నాకు ఫిర్యాదు లేదు. కానీ వారు అడిగినవన్నీ మా గడప లోపలి సంగతులే. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎవరు బయలుదేరమన్నారు, ఎందుకు ఆలస్యమయింది, మాత్రలు సరిగ్గా మింగిందా అని అడిగి రాసుకున్నారు. కాన్పు జరిగిన ఆసుపత్రిలో రక్తం ఆగడం లేదని ఎప్పుడు గుర్తించారు, అక్కడ రక్తం నిల్వ ఎందుకు లేదు, నెల్లూరు తీసుకుపొమ్మన్న తర్వాత అంబులెన్సు రావడానికి ఎంతసేపు పట్టింది, పెద్దాసుపత్రికి ముందుగా ఎవరైనా ఫోను చేశారా, దారిలో ఆమె పక్కన నర్సు ఉన్నదా, చేరిన తర్వాత ఎంతసేపటికి రక్తం ఎక్కించారు అనే విషయాలు ఒక్కటీ అడగలేదు. మా వదిన చెప్పబోతే, అవి ఆసుపత్రివాళ్ల ఫారంలో వస్తాయని ఆపేశారు. ఆ ఫారంలో ఏముందో మాకు చూపించరు. ఆ రాత్రంతా కూతురి చేయి పట్టుకుని కూర్చున్న తల్లి చూసినది ఏ ఫారంలోకీ ఎక్కకపోతే, దాన్ని సమీక్ష అని ఎలా అనుకోగలము?

ఇంట్లో నిర్ణయం ఆలస్యం కావడం, దారిలో ఆలస్యం కావడం, చేరిన చోట వైద్యం ఆలస్యం కావడం అని ఈ మరణాలకు మూడు జాప్యాలు చెబుతారు. మొదటిది పేదవాడి ఇంట్లో వెతికితే ఎప్పుడూ దొరుకుతుంది, అందుకే మిగిలిన రెండింటి దాకా వెళ్లే అవసరం ఎవరికీ కలగడం లేదని నా అనుమానం. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ఆరోగ్యవంతురాలైన తల్లి కూడా రెండు గంటల్లోనే ప్రాణం పోగొట్టుకోవచ్చని వైద్యులే చెబుతారు. మా మెట్ట నుండి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. పైగా మా బిడ్డ రక్తహీనతతో ఉన్న మనిషి. ఎనిమిదో నెలలో హిమోగ్లోబిన్ 8 గ్రాములని ఆమె తల్లీబిడ్డల కార్డులోనే రాసి ఉంది. ఆ అంకె కింద గీత కూడా గీశారు. కానీ ఐరన్ సెలైన్ ఎక్కించినట్లు గానీ, రక్తం దొరికే చోటనే కాన్పు చేయించుకోమని చెప్పినట్లు గానీ ఏ పేజీలోనూ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది కనుక, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు.

ఇంకొక చిక్కు ఉంది. ఆమె పేరు నమోదయింది అత్తగారి మండలంలో, కాన్పు జరిగింది పుట్టింటి వైపు, ప్రాణం పోయింది మరో చోట. ఎక్కడ అడిగినా ఇంకొక చోట అడగమంటారు. తొలి కాన్పుకు పుట్టింటికి రావడం మన ఆనవాయితీ అని ఆరోగ్య శాఖకు తెలియదా? కదిలి వచ్చిన గర్భిణి రికార్డు ఆమె వెంట రాకపోతే, ఆమె ప్రమాదంలో ఉన్నదని ఇక్కడి ఏఎన్‌ఎంకు, అంటే పల్లెలో గర్భిణులను చూసే నర్సమ్మకు, ఎలా తెలుస్తుంది?

2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు మరణిస్తే మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45. ఇందుకు శ్రమించిన ప్రతి ఆశా కార్యకర్తకూ దండం పెడతాను. సంఖ్య ఇంత తగ్గినప్పుడు, మిగిలిన ఒక్కొక్క మరణం గురించి కుటుంబాన్ని కూర్చోబెట్టి అడగడం అసాధ్యమైన పని కాదు కదా. 2011 నుండి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు రక్తం, రవాణా ఉచితమని చెబుతున్నారు. ఆ రాత్రి మా అన్న బయట రక్తం కోసం అప్పు చేశాడు. ఈ మాట కూడా ఎవరూ రాసుకోలేదు.

ఎవరినీ సస్పెండు చేయమని మేము అడగడం లేదు. సమీక్ష శిక్షల కోసం కాదని మార్గదర్శకాలే చెబుతున్నాయి, మేమూ అదే కోరుతున్నాము. ఒక నర్సమ్మను బదిలీ చేసినంత మాత్రాన మెట్టకు రక్తం రాదు. ఉదయగిరి ప్రాంతంలో రాత్రివేళ కూడా రక్తం, మత్తు డాక్టరు, కాన్పుల డాక్టరు అందుబాటులో ఉండేలా చూడండి. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ముందుగా ఫోను చేయడం తప్పనిసరి చేయండి. సమీక్షలో తేలినదానిపై ఏమి చేశారో కుటుంబానికి రాతపూర్వకంగా తెలియజేయండి. అన్నింటికంటే ముందు, మమ్మల్ని పిలిచి మా మాట వినండి. తేదీ చెబితే మా అన్నావదినలను వెంటబెట్టుకుని వస్తాను. ఆమె కార్డు, రెఫరల్ చీటీ, బయట రక్తం కొన్న రశీదు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. అవి కూడా తెస్తాము.

ఇట్లు,
తమ విధేయుడు,
చనిపోయిన తల్లి బాబాయి,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా.